మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు పాపకి నొప్పి తగ్గించే దారి ఉందా?

కొత్త అమ్మ:
మా పాప పుట్టి నాలుగు రోజులైంది. కామెర్లు ఎంతున్నాయో చూడటానికి ఇప్పటికి రెండుసార్లు మడమ గుచ్చి రక్తం తీశారు. నన్ను బయటే ఉండమన్నారు. తలుపు అవతల దాని ఏడుపు వింటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రేపు మళ్ళీ తీస్తారట. "పసిపిల్లలకి నొప్పి అంతగా తెలియదులే" అంటున్నారు ఇంట్లో. నిజమేనా? పంచదార నీళ్ళు పట్టి తీసుకెళ్ళమని ఒకరు, తేనె నాకించమని ఒకరు.

పసిపిల్లల వార్డు నర్సు:
తెలుస్తుంది చెల్లీ, బాగా తెలుస్తుంది. నుదురు ముడిపడటం, కళ్ళు గట్టిగా మూసుకోవడం, గుండె వేగం పెరగడం నేను రోజూ చూస్తాను. 1980ల దాకా పసికందులకి నొప్పి తెలియదనుకుని ఆపరేషన్లు కూడా సరైన మత్తు లేకుండా చేసిన చోట్లున్నాయి. 1987లో ఆనంద్, హిక్కీ అనే డాక్టర్లు రాసిన వ్యాసం ఆ నమ్మకాన్ని కదిలించింది. ఇంకా ఆ మాట వింటుంటే నాకు బాధేస్తుంది.

రేపు లోపలికి నేనూ వస్తానని గట్టిగా అడుగు. ముందు పాలు పట్టడం మొదలుపెట్టు. పాప బాగా పట్టుకుని గుటకలు వేస్తున్నప్పుడు గుచ్చమను. అయిపోయినా వెంటనే తీయకు. పాలు తాగే ఓపిక లేకపోతే, డైపర్ మాత్రం ఉంచి, పది పదిహేను నిమిషాల ముందు నుంచే నీ ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకో.

తీపి పనిచేస్తుంది. కానీ అది ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే సుక్రోజ్ ద్రావణం, ఎక్కువగా 24 శాతంది. గుచ్చడానికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొన్ని చుక్కలు వేస్తారు. ఇంట్లో కలపొద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా అసలే వద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఒక నాన్న:
మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు, పాలు తాగలేకపోయేవాడు. నర్సు గుచ్చుతుంటే నేను ఒక చెయ్యి తల మీద పెట్టి, రెండో చేత్తో కాళ్ళు పొట్టకి మడిచి పొదివి పట్టుకునేవాణ్ణి. ఏడ్చినా తొందరగా ఊరుకునేవాడు.

కొత్త అమ్మ:
అక్కా, ముందే పారాసిటమాల్ చుక్కలు వేయొచ్చా?

పసిపిల్లల వార్డు నర్సు:
వద్దమ్మా, మడమ గుచ్చే నొప్పికి అది పనిచేయదు. చెయ్యి తిరిగిన వాళ్ళుంటే చేతి నరం నుంచి తీయగలరేమో అడుగు, మడమకన్నా నొప్పి తక్కువ.

కొత్త అమ్మ:
ఈరోజు లోపలికి రానిచ్చారు. సూది దిగగానే ఉలిక్కిపడి పాలు వదిలేసింది, ఒక్క కేక వేసింది, మళ్ళీ తనే వెతుక్కుని పట్టుకుంది. దూది తీసేసరికి నిద్రపోయింది.