అప్‌డేట్: రెట్రో ఫస్ట్ పర్సన్ గేమ్‌కి చివరికి ఏ టూల్స్ కుదిరాయంటే

విజయనగరం కోట లాంటి కోటలో, పాత్ర కళ్లతోనే చూస్తూ తిరిగే 1990ల నాటి తరహా గేమ్ చేయాలి, గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ ఉంది, జీజెడ్‌డూమ్ (పాత డూమ్ గేమ్ ఇంజిన్‌కి కొత్త రూపం) మంచిదా గోడో (గేమ్‌లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) మంచిదా అని ఇదివరకు అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

గోడోలో కంపాటిబిలిటీ రెండరర్ (పాత కంప్యూటర్లలోనూ నడిచేలా బొమ్మ గీసే భాగం) పెట్టుకుని, లెవెల్స్ ట్రెంచ్‌బ్రూమ్ అనే ఎడిటర్‌లో కట్టి, ఫంక్‌గోడో ప్లగిన్‌తో గోడోలోకి తెచ్చుకోమని ఒకరు ఇచ్చిన సలహానే పనిచేసింది. ఆ రెండరర్‌కి ఓపెన్‌జీఎల్ (కంప్యూటర్‌తో బొమ్మలు గీయించే గ్రాఫిక్స్ ప్రమాణం) 3.3 ఉంటే చాలు, మా ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తోంది. జీజెడ్‌డూమ్‌లోనూ గది మీద గది కట్టొచ్చు గానీ సెక్టార్లతో (లెవెల్‌ని విడగొట్టే నేల ముక్కలు) తిప్పలు ఎక్కువ. బురుజులు, మెట్లు ట్రెంచ్‌బ్రూమ్‌లో ఇటుకలు పేర్చినట్టే లేచాయి, నాకైతే ఎంత ముచ్చటేసిందో!

టెక్స్‌చర్లు (గోడలు, నేల మీద అతికించే బొమ్మలు) మసగ్గా వస్తున్నాయని టెన్షన్ పడేవాళ్లు ఇది చూడండి: ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని డిఫాల్ట్ టెక్స్‌చర్ ఫిల్టర్ 2డీకి మాత్రమే. 3డీలో ఒక్కో మెటీరియల్‌లోని శాంప్లింగ్‌కి వెళ్లి ఫిల్టర్‌ని నియరెస్ట్ చేయాలి. రిజల్యూషన్ 320x180 పెట్టి, స్ట్రెచ్ మోడ్‌ని వ్యూపోర్ట్ చేస్తే ఆ పాత గరుకుదనం వచ్చేస్తుంది.

కొత్త గ్రాఫిక్స్ కార్డు, పాత గేముల్లోలా బొమ్మ వణికించే షేడర్ (బొమ్మ కనిపించే తీరుని మార్చే చిన్న ప్రోగ్రామ్), రెండూ అవసరం పడలేదు.