"యీ యీ గూ షింగ్": పొగడ్త తిట్టుగా ఎప్పుడు మారింది?

చైనీస్ బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. చైనీస్‌లో "యీ యీ గూ షింగ్" అని నాలుగక్షరాల జాతీయం ఉంది. ఒకే ఆలోచన పట్టుకుని ఒంటరిగా సాగిపోవడం అని దాని అర్థం. ఇప్పుడు వార్తల్లో ఇది ఎక్కువగా విమర్శగానే వస్తోంది: ఎవరెంత చెప్పినా వినకుండా మొండిగా పోయేవాడని. మన "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" లాంటిదే అనుకోండి.

కానీ దీని మూలం చూస్తే కథ వేరేగా ఉంది. హాన్ వంశపు వూ చక్రవర్తి (క్రీ.పూ. 141-87) దగ్గర జావ్ యూ అనే అధికారి ఉండేవాడు. జాంగ్ థాంగ్ అనే మరో అధికారితో కలిసి చట్టాలు రాసింది ఈయనే. పెద్ద పెద్ద మంత్రులు ఇంటికొచ్చి పలకరించినా తిరిగి వాళ్లిళ్లకు వెళ్లేవాడు కాదట. స్నేహితుల సిఫార్సులకు తావివ్వకుండా, తనకు సరి అనిపించిందే ఒంటరిగా చేసుకుపోయాడని ఆ కాలపు చరిత్రకారుడు సీమా చియెన్ తన చరిత్ర గ్రంథం "షీ జీ"లో రాశాడు. నాకైతే ఇది మెచ్చుకోలులాగే ఉంది. మన ఆఫీసుల్లో సిఫార్సు వినని అధికారి దొరికితే దండం పెట్టమూ! అయితే ఆ మాట వచ్చేది "క్రూర అధికారుల" అధ్యాయంలో, అదే నా తికమక.

నా ప్రశ్నలు ఇవి. సీమా చియెన్ ఆయన్ని మెచ్చుకున్నాడా, దెప్పాడా? ఈ చెడ్డ అర్థం ఏ కాలం నుంచి స్థిరపడింది? ఇప్పుడు ఎవరినైనా మంచిగా "స్వతంత్రంగా నడుచుకునే మనిషి" అనాలంటే, "లీ జీ" అనే పాత కన్ఫ్యూషియన్ గ్రంథంలో వచ్చే "థ లీ దూ షింగ్" (ప్రత్యేకంగా నిలబడి, ఒంటరిగా నడవడం) వాడితే సరిపోతుందా? పాత వాక్యాల ఉదాహరణలతో చెబితే ఇంకా మంచిది.