బడి గేటుకు తాళం వేయాలా, వద్దా?

పర్లాకిమిడి అమ్మ:
గత నెల మా పాప చదివే ప్రభుత్వ బడిలోకి మధ్యాహ్నం పూట తాగినవాడొకడు చొరబడ్డాడు. పుట్టింటికి వెళ్లిపోయిన భార్య మీద కోపంతో కొడుకును లాక్కుపోదామని వచ్చాడు. అడ్డుపడిన టీచరమ్మ చెయ్యి మెలిపెట్టాడు. మర్నాటి నుంచి గంట కొట్టగానే గేటుకు తాళం వేస్తున్నారు, బడి వదిలాకే తీస్తున్నారు. చాలామంది తల్లిదండ్రులు మంచి పనే అంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది.

మొన్న పాపకు జ్వరమని ఫోన్ వస్తే పరుగున వెళ్లాను. తాళంచెవి ప్యూను జేబులో ఉంది, ప్యూను బ్యాంకుకెళ్లాడు. ఇరవై నిమిషాలు గేటు ఊచల్లోంచి పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి కాలిపోతోంది. గేటుకు పది అడుగుల దూరంలో వంటగది, అందులో గ్యాస్ సిలిండర్. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో 94 మంది పిల్లలను పొట్టనపెట్టుకున్న మంట కూడా బడి వంటగదిలో పుట్టిందే. ఇక్కడ అలాంటిది జరిగితే బ్యాంకుకు ఎవరు పరిగెత్తాలి?

గుణుపురం మాస్టారు:
అమ్మా, మీ భయం న్యాయమైనదే. కానీ గేటు బార్లా తీసి ఉంచమంటే ఒప్పుకోను. నేను మొదట పనిచేసిన బడికి గేటే లేదు. అప్పుల తగాదాలు, పొలం తగాదాలు నేరుగా క్లాసులోకి వచ్చేవి. 2014 డిసెంబరులో పాకిస్తాన్‌లోని పెషావర్‌లో బడి మీద దాడి జరిగాక మన కేంద్రం కూడా గేటు కాపలా, ప్రహరీల గురించి బడులకు సూచనలిచ్చింది. అయితే మీ బడికి వచ్చినవాడు కొత్తవాడు కాదు, కన్నతండ్రి. తాళం లేని రోజున నవ్వుతూ వచ్చి అడిగితే పంపేసేవారేమో! పిల్లవాణ్ని ఎవరితో పంపాలో, ఎవరితో పంపకూడదో ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం ఆఫీసులో ఉండాలి. నా లెక్కలో తాళం కన్నా అదే ముఖ్యం.

రాయగడ నుంచి ఒక తల్లి:
మాస్టారూ, మా బాబు ఒకటో తరగతి, ఒడియా మీడియం. మాక్ డ్రిల్ రోజున సార్ "నిఆఁ, నిఆఁ" (ఒడియాలో నిప్పు) అని అరిచారట. మిగతా పిల్లలు బయటికి పరిగెత్తితే మావాడు, పక్కనున్న సవర పిల్లాడు బెంచీ మీదే కూర్చున్నారు. "నిప్పు అనలేదమ్మా" అన్నాడు ఇంటికొచ్చి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాటల కన్నా గంట మేలు. ఆగకుండా కొడితే బయటికి పోవాలి. మూడేసి దెబ్బలు ఆపి ఆపి కొడితే గదిలోనే ఉండి తలుపు గడియ వేసుకోవాలి. ఈ రెండూ పిల్లలు కలగలిపేసుకుంటే చాలా ప్రమాదం, అందుకే నెలనెలా చేయించాలి.

బరంపురం:
2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసినవాళ్లం, తుపానొస్తే ఎక్కడికి పోవాలో మా వీధిలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. గేటు దగ్గర గొడవైతే ఏం చేయాలని అడిగితే టీచర్లే దిక్కులు చూశారు. అత్యవసర సాయానికి 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి ముందు.

పర్లాకిమిడి అమ్మ:
మాస్టారూ, కాగితం మాట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. తాళం మాట మాత్రం వదలను. పగలు లోపలివైపు గడియ చాలు, గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి. తాళమే కావాలంటే రెండో చెవి వంట చేసే అక్క దగ్గర ఉండాలి, గేటుకు అందరికన్నా దగ్గరుండేది ఆవిడే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులమే. శనివారం మీటింగులో గంట సంగతి కూడా రాయించి సంతకాలు పెట్టిస్తాను. ఆ తండ్రి కొడుకు ఇంకా బడికి రావడం లేదు. వాళ్లమ్మను కూడా మీటింగుకు పిలుస్తున్నాను.