అప్‌డేట్: నాన్న చెంప వాపు పంటి వల్ల కాదు, బ్లాక్ ఫంగస్

నెల కిందట అడిగాను గుర్తుందా: నాన్నకి షుగర్, కుడి చెంప వాచి మొద్దుబారింది, పన్ను పీకించినా తగ్గలేదు, ఏం చేయాలని. 'ఆగొద్దు, ఈఎన్‌టీకి చూపించండి' అన్నవాళ్లందరికీ దండం.

మర్నాడు పొద్దున్నే చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లాం. డాక్టర్ గారు నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిట్లో రూపాయి బిళ్లంత నల్లమచ్చ! రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా మాకెవరికీ తెలియలేదు. షుగర్ 400 దాటింది. పైగా మోకాళ్ల నొప్పులకి ఎవరో ఇచ్చిన బిళ్లల్లో స్టెరాయిడ్ ఉందట. ముక్కులోంచి ముక్క తీసి కేఓహెచ్ పరీక్ష (మైక్రోస్కోప్ కింద ఫంగస్ ఉందేమో చూసేది) చేసి, సాయంత్రానికే మ్యూకర్, అంటే బ్లాక్ ఫంగసే అన్నారు. 2021లో కోవిడ్ తర్వాత అందరం విన్నదే. కోవిడ్ లేకపోయినా, షుగర్ అదుపు తప్పినవాళ్లకి వస్తుందట.

నెల్లూరులో ఆపరేషన్ చేశారు. సైనస్, పై దవడలో కుళ్లిన భాగం తీసేశారు. కన్ను దక్కింది. తర్వాత రోజూ యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు డ్రిప్‌లో ఎక్కించారు. కిడ్నీల మీద పడుతుందని క్రియాటినిన్, పొటాషియం చూస్తూనే ఉన్నారు. ఆ రిపోర్టులు వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. ఇప్పుడు ఇంట్లో ఫంగస్‌కే పోసకొనజోల్ బిళ్లలు, షుగర్‌కి ఇన్సులిన్.

ఇంట్లోవాళ్లకి అంటుతుందా అని ఒకరు అడిగారు. అంటదు.

అంగిట్లో పడిన రంధ్రానికి ప్లేటు పెట్టారు. అది తీస్తే మాట ముక్కులోంచి వస్తుంది. నిన్న చేపల పులుసు కావాలన్నాడు, 'ముళ్లు మాత్రం నువ్వే ఏరరా' అంటూ.