తమ్ముడు ఆస్పత్రికి రానంటున్నాడు, పిటిషన్ ఏ ఊరి కోర్టులో వెయ్యాలి?

ప్రశ్న:
నమస్కారమండి. మాది కాకినాడ. తమ్ముడికి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో రూము తీసుకుని ఉంటున్నాడు. రెండు నెలలుగా ఉద్యోగానికి వెళ్ళట్లేదు. అమ్మ వెళ్ళి చూస్తే కిటికీలన్నిటికీ న్యూస్‌పేపర్లు అంటించి ఉన్నాయి. ఫ్యాన్‌లోంచి ఎవరో మాట్లాడుతున్నారని రెక్కలు విప్పి మంచం కింద పెట్టాడు. మొన్న అన్నంలో విషం కలిపావంటూ కంచం విసిరేసి అమ్మ మెడ పట్టుకున్నాడు. డాక్టరు మాట ఎత్తితే తలుపు వేసుకుంటున్నాడు. బలవంతంగా చేర్పించాలంటే కోర్టు ఆర్డరు కావాలంటున్నారు. ఆధార్‌లో అడ్రసు కాకినాడే. అక్కడ వెయ్యాలా, హైదరాబాద్‌లోనా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు 1:
2009లో మా బాబాయికి మేజిస్ట్రేటు దగ్గర రిసెప్షన్ ఆర్డరు తెచ్చి చేర్పించాం. కోర్టు దగ్గర ఒక లాయరును పట్టుకుంటే పనైపోతుంది.

జవాబు 2 (లాయరు):
పై జవాబు రాసినవారిది తప్పేం కాదు, అప్పుడు పద్ధతి అదే. కానీ అది 1987 నాటి చట్టం. 2017లో చేసిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చాక ఆ రిసెప్షన్ ఆర్డరు అనేదే లేదు. ఈ ముక్క తెలియక వకాలత్ ఫీజు కట్టి వారాలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. మీరు ఏ కోర్టులోనూ పిటిషన్ వెయ్యక్కర్లేదు, అమ్మగారిని నేరుగా ఆస్పత్రికి వెళ్ళమనండి.

తనకోసం ఫలానా వ్యక్తి నిర్ణయాలు తీసుకోవాలని మీ తమ్ముడు ముందే రాసిపెట్టి ఉండకపోతే, దగ్గరి బంధువుగా అమ్మగారే నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే అతని తరఫున మాట్లాడే ప్రతినిధి, అవుతారు. ఆవిడ దరఖాస్తు ఇస్తే సెక్షన్ 89 కింద సపోర్టెడ్ అడ్మిషన్ చేస్తారు, అంటే సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవడం. చేర్చుకునే రోజున గానీ, అంతకు ముందు 7 రోజుల్లో గానీ ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. రెండోవారు మరో మానసిక ఆరోగ్య నిపుణుడైనా, మామూలు డాక్టరైనా సరిపోతుంది. జబ్బు తీవ్రంగా ఉండటంతో పాటు, తనకు హాని చేసుకోబోవడం, ఎదుటివాళ్ళ మీద పడటం, తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడటం, వీటిలో ఒకటి ఈమధ్య జరిగి ఉండాలి. అమ్మగారి మెడ పట్టుకున్న సంగతి తేదీతో సహా కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "పిచ్చిగా చేస్తున్నాడు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

ఇలా చేర్చుకుంటే 30 రోజుల వరకే. ఆస్పత్రి ఈ విషయం 7 రోజుల్లోపు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు, అంటే ఇలాంటి అడ్మిషన్లు సరైనవో కాదో చూసే బోర్డుకు, తెలపాలి, ఆడవాళ్ళైతే 3 రోజుల్లోపు. 30 రోజులు దాటి ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్ళీ చూడాలి, బోర్డు అనుమతి కావాలి. మొదట 90 రోజులు, తర్వాత 120, ఆ తర్వాత 180 వరకు.

ఇక మీరు అడిగిన ఊరి సంగతి. ఆస్పత్రి ఉన్న ప్రాంతానికి ఏ బోర్డు ఉందో అదే చూస్తుంది, ఆధార్‌లో ఏ ఊరుందన్నదానితో పని లేదు. బోర్డు తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో ఆ బోర్డు ఉన్న రాష్ట్రం హైకోర్టుకు అప్పీలు. అంటే మీకు తెలంగాణ హైకోర్టు. బోర్డు తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు వేలు పెట్టకూడదని చట్టమే చెప్పింది.

మేజిస్ట్రేటు పాత్ర పూర్తిగా పోలేదు. ఇంట్లో ఎవరైనా జబ్బు మనిషిని కట్టేసి కొడుతుంటే, తిండీతిప్పలు చూడకుండా వదిలేస్తే, ఆ మనిషి నివసించే ప్రాంతం పోలీసులు అక్కడి మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఆయన పరీక్ష కోసం ఆస్పత్రికి పంపవచ్చు, మహా అయితే 10 రోజులు చేర్చుకోమనవచ్చు. మీ కేసు అది కాదు.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సర్. కానీ రూములోంచి బయటికి తెచ్చేదెలా? పోలీసులను పిలవాలంటే అమ్మ ఒప్పుకోవట్లేదు.

జవాబు 2:
ప్రాణానికి ముప్పుందనుకుంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అమ్మగారి అనుమతితో అత్యవసర చికిత్స మొదలుపెట్టవచ్చు, గరిష్ఠంగా 72 గంటలు. దగ్గర్లోని మానసిక ఆస్పత్రికి తరలించడం కూడా అందులో భాగమే. పోలీసులు వచ్చినా లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ముందు 14416కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేసి మాట్లాడండి, తెలుగులో చెప్తారు.

జవాబు 3:
నేను అటువైపు నుంచి చెప్తాను. మూడేళ్ళ క్రితం నన్ను ఇలాగే చేర్పించారు. అవసరమే, ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ అక్కడ బోర్డు అని ఒకటుందని నాకెవరూ చెప్పలేదు, పక్క బెడ్ ఆయన చెప్పాడు. నర్సునడిగి, బీపీ చార్టు వెనకవైపు "నన్ను ఎందుకు ఉంచారో మళ్ళీ చూడండి" అని రాసిచ్చాను. రీఫిల్ అయిపోతే చివరి రెండు లైన్లు స్కెచ్ పెన్నుతో పూర్తిచేశాను. బోర్డువాళ్ళు నాతో మాట్లాడి, ఇంకో పది రోజులు ఉండమన్నారు. ఓడిపోయినట్టే, అయినా ఆ రాత్రి నిద్రపట్టింది. మీ తమ్ముడికి ఆ హక్కు ఉందని మీరే చెప్పండి, కుట్ర అనుకునేవాడికి మరీ ముఖ్యం.

జవాబు 2:
మంచి మాట. ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, అందిన 7 రోజుల్లో బోర్డు తేల్చాలి. ఉచిత న్యాయ సహాయం కూడా అతని హక్కు, 15100కి ఫోన్ చేస్తే చాలు.

అడిగినవారు:
నిన్న సాయంత్రం చేర్పించాం. అమ్మ సంతకం పెట్టింది. ఇంకొక్కటి సర్, మా పెదనాన్న ఈ అడ్మిషన్ కాగితాలతో పొలంలో తమ్ముడి వాటా అమ్మ పేరు మీదకు మార్పించుకోవచ్చంటున్నారు, నిజమేనా?

జవాబు 2:
కుదరదు. ఆస్పత్రిలో చేరినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని చట్టం అనదు, అది కోర్టు ప్రకటిస్తేనే. ఆ కాగితాల జిరాక్సులు పెదనాన్నగారికి ఇవ్వకండి.