తిరుపతిలో పిల్లలకు ప్లే థెరపీ ఎక్కడ చేస్తారు?
మా అక్క కొడుక్కి 6 ఏళ్లు. వాళ్ల నాయన పోయినప్పటి నుంచి బడిలో నోరు విప్పడు. ఇంట్లో మాత్రం బొమ్మ అంబులెన్సును మంచం కిందికి తోసి, దిండు అడ్డం పెట్టి, మళ్లీ లాగుతాడు. అదే ఆట, రోజూ.

చిన్నపిల్లలు మాటల్లో చెప్పలేనిది బొమ్మలతో, ఇసుకతో, రంగులతో బయటపెడతారని, సుమారు 3 నుంచి 12 ఏళ్ల వాళ్లకు ప్లే థెరపీ చేస్తారని చదివాను. ఊరికే ఆడించడం కాదు కదా, శిక్షణ ఉన్నవాళ్లే కావాలి. ముందు ఇక్కడి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపిస్తే దారి చెప్తారా? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కే పోవాలా? అక్కది ఉద్యోగం, వారం వారం అంత దూరం కుదరదు.

తాయెత్తు సలహాలు ఇప్పటికే చాలా వచ్చినాయి, అవి వద్దు. మీ పిల్లలకు చేయించి ఉంటే, తల్లిని లోపల కూర్చోనిస్తారా, ఎన్నాళ్లకు మార్పు కనిపించింది, కాస్త చెప్పండి.