మోరిసన్స్ జిగ్ 1936కి ముందు ఎక్కడైనా అచ్చయిందా?

ఐరిష్ ట్యూన్ల పాత రికార్డులు, పుస్తకాలు తిరగేసే అలవాటున్నవాళ్లు ఎవరైనా కాస్త సాయం చేయండి.

నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఈ మధ్య మోరిసన్స్ జిగ్ అనే ఐరిష్ నాట్య ట్యూన్ పట్టుకున్నాను. స్వరాలు మన ఖరహరప్రియవే, నడక తిశ్రం. మొదట షడ్జం మీద ఒక సాగదీత, వెంటనే పంచమం మీద ఇంకోటి, ఆ తర్వాతే పరుగు. వాయించడం వచ్చేసింది గానీ, దీని చరిత్రే ఓ పట్టాన తేలట్లేదు.

ఐర్లండ్‌లోని స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్లిన ఫిడిల్ విద్వాంసుడు జేమ్స్ మోరిసన్ 1936లో రికార్డు ఇవ్వడంతో ట్యూన్‌కి ఆయన పేరు స్థిరపడిపోయింది. కానీ ఆయనకి ఇది ఐర్లండ్‌లోనే కెర్రీ కౌంటీకి చెందిన అకార్డియన్ వాద్యకారుడు టామ్ కార్మొడి దగ్గర్నుంచి వచ్చిందంటారు. డిస్కు మీద పేరు కూడా 'మారిస్ కార్మొడీస్ ఫేవరెట్' అనే ఉందట (మారిస్ అంటే టామ్ తండ్రి). న్యాయంగా అయితే పేరు కార్మొడీలకే దక్కాలి, నా లెక్కలో!

చికాగో పోలీస్ చీఫ్‌గా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 ట్యూన్లతో వేసిన పుస్తకంలో మోరిసన్ పేరుతో వెతకడం దండగ, అది ఆ రికార్డుకి చాలా ముందుది. అందులో గానీ, 1907 నాటి రెండో పుస్తకంలో గానీ ఇదే ట్యూన్ వేరే పేరుతో ఉందా? 'ద స్టిక్ అక్రాస్ ద హాబ్' అనే దీని పాత పేరు కెర్రీ రాతప్రతుల్లో ఎవరికైనా కనిపించిందా? పేజీ నంబరు చెప్పినా చాలు. అలాగే ఆ 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ డిస్కు లేబుల్ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టగలరా?